ఆడపిల్ల రెండో సైకిల్

"మా పాపకి సైకిల్ కొన్నాం" అని ఎవరైనా సంతోషంగా చెప్తే నేనడిగే ప్రశ్న ఒకటే. ఎన్నంగుళాలది?

రంగు అడగను. కంపెనీ అడగను. ధర అసలే అడగను. అంగుళాలు తెలిస్తే చాలు, ఆ పాప గురించి ఆ ఇల్లు ఎంత దూరం ఆలోచించిందో తెలిసిపోతుంది. 12, 14, 16 అంగుళాల సైకిళ్ళ దాకా మధ్యతరగతి ఇళ్ళల్లో ఆడపిల్లకీ మగపిల్లాడికీ పెద్ద తేడా కనిపించదు. మూడో పుట్టినరోజుకో నాలుగో పుట్టినరోజుకో ఇద్దరికీ కొంటున్నారు. తేడా వచ్చేది ఆ తర్వాతే. 20 అంగుళాల దగ్గర సన్నగా మొదలై, 24 దగ్గరికొచ్చేసరికి ఆడపిల్ల ఆ వరసలోంచి తప్పుకుంటుంది. కాదు, తప్పిస్తారు. ఆమెకి మొదటి సైకిల్ వుంది. రెండో సైకిల్ లేదు. నా గొడవంతా ఆ రెండో సైకిల్ గురించే.

సాహిత్యంలో డాక్టరేట్ చేసి సైకిల్ అంగళ్ళ గురించి రాయడమేమిటి అనే మిత్రులున్నారు. ఇంత చిన్న విషయమా అంటారు. వంటిల్లు చిన్న విషయమే అన్నారు. పైట చిన్న విషయమే అన్నారు. పైట మీద జయప్రభ కవిత రాస్తే ఎంత గొడవైందో ఈ పత్రిక చదివేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. చిన్న విషయాలని చిన్నవి కాదని నిరూపించడంతోనే కదా మనం మొదలైంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊళ్ళలో ఏ సైకిల్ అంగడి ముందైనా కాసేపు నిలబడి వినండి. కొడుకుని వెంటబెట్టుకొచ్చిన తండ్రితో అంగడాయన అంటాడు: "ఎదిగే పిల్లోడు కదన్నా, ఒక సైజు పెద్దదే తీస్కో. నాలుగేండ్లు వస్తాది." కూతుర్ని తీసుకొచ్చిన తల్లితో అంటాడు: "పాపకి ఇది చాల్లేక్కా. రెండేండ్లు తొక్కుతాది. ఆ తర్వాత యాడ తొక్కుతాది?" అతను దుర్మార్గుడేమీ కాదు. ఆ తల్లి డబ్బు వృధా కాకూడదనే చెప్తున్నాడు. ఆమె కూడా తల వూపుతుంది. ఇద్దరికీ తెలిసిన సంగతే గనక అందులో ఎవరికీ ఏమీ వింతగా తోచదు. నాకు వింతగా తోచేది అదే. అయిదేళ్ళ పిల్ల ఎప్పుడు ఆగిపోవాలో ముందే నిర్ణయించి, ఆ నిర్ణయానికి సరిపడా సైజు ఎంచుతున్నారు. అబ్బాయికి ఎదుగుదల కలిపి అమ్ముతారు. అమ్మాయికి ముగింపు కలిపి అమ్ముతారు.

నిజానికి ఈ రెండు సలహాలూ తప్పే. పెద్ద సైకిల్ ఎక్కించిన పిల్లాడికి కాళ్ళు నేలకి అందవు, బ్రేకుల దాకా వేళ్ళు అందవు, పడతాడు. చిన్న సైకిల్ ఎక్కించిన పిల్లకి మోకాళ్ళు హ్యాండిల్‌కి కొట్టుకుంటాయి, నాలుగు అడుగులు తొక్కేసరికి ఆయాసం వస్తుంది, "దీనికి సైకిల్ మీద ఇష్టం పోయింది" అంటారు. సరైన పద్ధతి చాలా సులువు. మన ఇళ్ళల్లో పుస్తకాలకి కొదవ లేదు కాబట్టి మనకి మరీ సులువు. పిల్లని గోడకి ఆనించి నిలబెట్టి, రెండు కాళ్ళ మధ్య ఒక అట్టపుస్తకాన్ని పైకంటా జరిపి పట్టుకోమనాలి. నేల నుంచి పుస్తకం పై అంచుకి ఎంతుందో కొలవాలి. కొత్తగా నేర్చుకునే బిడ్డకి సీటు ఎత్తు అంతకంటే ఎక్కువ వుండకూడదు. కూచుంటే రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలి. అంగుళాలు చక్రానివి, పిల్లవి కావు. వయసు చెప్తే సైకిల్ తీసిచ్చే అంగడాయన చొక్కా కొలత లేకుండా చొక్కా కుట్టేవాడి లాంటివాడు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. వెనక చక్రానికి అటూ ఇటూ తగిలించే ఆ రెండు బుల్లి చక్రాలున్నాయే, వాటివల్ల పిల్లలు తొక్కడం నేర్చుకుంటారు గానీ నిలదొక్కుకోవడం నేర్చుకోరు. సైకిల్‌లో అసలు విద్య నిలదొక్కుకోవడమే. 1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ తయారు చేసిన మొదటి రెండు చక్రాల బండికి పెడల్స్ లేవు. కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోవడమే. ఇప్పుడు పసిపిల్లలకి అదే పద్ధతి మంచిదంటున్నారు. పెడల్స్ లేని సైకిల్ ప్రత్యేకంగా కొనక్కర్లేదు. వున్న సైకిల్‌కే పెడల్స్ విప్పి, సీటు దించితే సరిపోతుంది. ఎడమ పెడల్ మర మాత్రం తిరగబడి వుంటుంది, మామూలు వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. ఇది మెకానిక్‌లకే తెలియాలన్న రూలేమీ లేదు. తల్లి చేతిలో పదిహేను నంబరు స్పానర్ చూసిన ఆడపిల్ల నేర్చుకునేది సైకిల్ ఒక్కటే కాదు.

కానీ మన ఇళ్ళల్లో ఆ పక్కచక్రాలు ఆడపిల్ల సైకిల్‌కి ఎంతకీ ఊడవు. పడితే మొహం మీద మచ్చ పడుతుందని భయం. మగపిల్లాడు మోకాలు చెక్కుకుపోయి వస్తే "వీడికి సైకిల్ వచ్చేసింది" అని నవ్వుతారు. అదే దెబ్బ ఆడపిల్లకి తగిలితే పెళ్ళిచూపుల దాకా లెక్కేసుకుని సైకిల్‌ని మిద్దె మీదికి ఎక్కిస్తారు.

బొమ్మకీ వాహనానికీ వున్న తేడా ఇదంతా. అబ్బాయికి వాహనం కొంటాం, అమ్మాయికి బొమ్మ కొంటాం. ఇద్దరికీ సైకిలే కొన్నామని లోకానికి చెప్పుకుంటాం. ఈ విషయంలో మనకంటే పన్నుల పుస్తకం నయం. మన కస్టమ్స్ టారిఫ్‌లో 95వ అధ్యాయం ఆటబొమ్మలది. మూడు చక్రాల సైకిళ్ళు, తొక్కుడు కార్లు అందులోకి వస్తాయి. ఆ అధ్యాయంలోకి ఏవి రావో చెప్పే జాబితా ఒకటి మొదట్లోనే ఇచ్చారు. అందులో పిల్లల బైసికిళ్ళు వున్నాయి. వాటి స్థానం 87వ అధ్యాయంలో, వాహనాల మధ్య. రెండు చక్రాల మీద నిలబడ్డ పిల్ల ఆడుకోవడం లేదు, ప్రయాణం చేస్తోందని చట్టం ఒప్పుకుంది. మనమే ఒప్పుకోలేదు.

పేర్లు చూడండి. నాలాంటి సాహిత్య విద్యార్థికి పేర్ల దగ్గర ఆగడం అలవాటు. ఈ దేశంలో సైకిల్ అంటే హీరో, హెర్క్యులిస్, అట్లాస్. ఒకడు కథానాయకుడు, ఒకడు గ్రీకు వీరుడు, ఒకడు ఆకాశాన్ని భుజాల మీద మోసినవాడు. మరి ఆడపిల్ల సైకిల్? లేడీబర్డ్. అంటే రెక్కల మీద చుక్కలున్న చిన్న పురుగు. ఇంకొకటి మిస్ ఇండియా. అబ్బాయి లోకాన్ని మొయ్యడానికి సైకిలెక్కుతాడు. అమ్మాయి అందాల పోటీకి వెళ్ళడానికి ఎక్కుతుంది. ముందు ఒక బుట్ట, హ్యాండిల్ చివర కుచ్చులు, ఒళ్ళంతా గులాబీరంగు. అబ్బాయి సైకిల్‌కి బుట్ట ఎందుకుండదని ఒక అంగట్లో అడిగాను. "మగపిల్లోల్లకి బుట్ట యాల మేడం?" అన్నారు. నిజమే. ఇంట్లోకి కావలసినవి మోసుకురావడం అయిదేళ్ళప్పటినించే ఎవరి పనో ఆ బుట్ట చెప్తోంది.

అడ్డకడ్డీ సంగతి ఇంకా తమాషా. లేడీస్ సైకిల్‌కి పైకడ్డీ కిందికి వంచింది పందొమ్మిదో శతాబ్దపు చివర్లో, పాశ్చాత్య స్త్రీల పొడుగు స్కర్టుల కోసం. మన వూళ్ళో అయిదేళ్ళ పిల్ల నిక్కరో లెగ్గింగో వేసుకుంటుంది. ఆమెకి ఏ స్కర్టు అడ్డమొచ్చిందని ఆ వంపు? నిజానికి కడ్డీ కిందికుంటే పసిపిల్లలెవరికైనా ఎక్కడం దిగడం తేలిక. అది ఆడపిల్లల సౌకర్యం కాదు, చిన్నపిల్లల సౌకర్యం. అయినా ఆ సైకిల్ మగపిల్లాడికి కొనరు, "ఆడసైకిల్" అని తోటివాళ్ళు ఏడిపిస్తారని. మగతనం ఎంత సున్నితమైందో చూడండి, ఒక ఇనప గొట్టం వంపు తిరిగితే విరిగిపోతుంది. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాదిమంది స్త్రీలు సైకిల్ నేర్చుకున్నప్పుడు లేడీస్ సైకిళ్ళు దొరక్క జెంట్స్ సైకిళ్ళే ఎక్కారు. కొందరైతే అవే బావున్నాయన్నారు, ముందు కడ్డీ మీద బిడ్డని కూచోబెట్టుకోవచ్చని. కడ్డీ అర్థాన్ని వాళ్ళు మార్చేశారు.

పుదుక్కోట్టై గురించి మనకి బాగా తెలుసు. కలెక్టర్ షీలా రాణి చుంకత్ పేరు తెలుసు. పాలగుమ్మి సాయినాథ్ 1996లో తెచ్చిన పుస్తకంలో ఆ కథనం చదివాం, క్లాసుల్లో పాఠంగా చెప్పాం. సౌదీ దర్శకురాలు హైఫా అల్ మన్సూర్ 2012లో తీసిన 'వజ్దా'లో పదేళ్ళ పిల్ల ఒక సైకిల్ కోసం పడే తాపత్రయం చూసి చప్పట్లు కొట్టాం. పరాయి వూరి ఆడపిల్ల సైకిలెక్కితే అది విముక్తి. మన ఇంటి ఆడపిల్ల ఎక్కితే "ఇంక చాల్లేమ్మా, పెద్దదానివయ్యావు". ఈ మాట అనేది నాయనమ్మలో మేనత్తలో మాత్రమే కాదు. సెమినార్ పేపర్లు రాసే మనమే అంటున్నాం.

ఆ రెండో సైకిల్ లేకపోవడం వల్ల పోయేదేమిటి? దూరాల లెక్క చూద్దాం. విద్యాహక్కు చట్టం నియమాల ప్రకారం అయిదో తరగతి దాకా బడి ఒక కిలోమీటరు లోపు వుండాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్లు వుండొచ్చు. అంటే ఆడపిల్ల పదకొండో ఏట బడి మూడింతల దూరం జరగవచ్చు. సరిగ్గా అదే ఏడు ఆమె సైకిల్ పోతుంది. దూరం పెరిగినప్పుడు చక్రం తీసేసే ఈ తెలివి ఎవరిది?

ప్రభుత్వాలు హైస్కూలు దగ్గర మేలుకున్నాయి. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోవడానికి డబ్బిచ్చింది. దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాష్ పరిశోధించారు. ఆడపిల్లల హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగాయి, మగపిల్లలతో వున్న అంతరం 40 శాతం తగ్గింది. మూడు కిలోమీటర్లు దాటిన ఊళ్ళల్లోనే మార్పు బాగా కనిపించింది. మన రాష్ట్రంలోనూ 2019కి ముందు 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ హైస్కూళ్ళ ఆడపిల్లలకి సైకిళ్ళు ఇచ్చారు. 2020లో మొదలైన విద్యాకానుక సంచీలో యూనిఫారం, బూట్లు, బెల్టు, పుస్తకాలు వుండేవి, సైకిల్ వుండేది కాదు. మన దగ్గర సైకిల్ అంటే ముందు ఎన్నికల గుర్తు. నలభై ఏళ్ళుగా ఈ మూడు ఊళ్ళ గోడల మీద ఆ బొమ్మ చూస్తున్నాం. ఆ బొమ్మ మీద ఎవరూ కూచుని వుండరు. సైకిల్ ఏ పార్టీదని కొట్టుకుచచ్చే చోట సైకిల్ ఏ పిల్లదని అడిగే దిక్కు లేకపోవడంలో ఆశ్చర్యమేముంది?

అయినా ప్రభుత్వమిచ్చే సైకిల్ మూడోది. మొదటిది పుట్టినరోజుది. రెండోది ఇల్లు ఇవ్వాల్సింది, పదీ పదమూడేళ్ళ మధ్యది. ఒకసారి వచ్చిన బ్యాలెన్సు జన్మలో పోదంటారు, నిజమే. పోయేది అది కాదు. సందు దాటి బజారులోకి, బజారు దాటి రోడ్డు మీదికి వచ్చే నేర్పు ఆ మూడునాలుగేళ్ళలోనే పడుతుంది. వెనకొచ్చే లారీ చప్పుడు బట్టి ఎంత దూరంలో వుందో అంచనా కట్టడం, ఎవడైనా వెంటపడితే ఏ సందులోకి తిప్పాలో తెలిసుండటం, చైను ఊడితే నల్లబడ్డ చేతులతో మళ్ళీ ఎక్కించుకోవడం, గాలి ఎక్కడ కొట్టించుకోవాలో, ఎవరింటి ముందు ఆగి నీళ్ళడగొచ్చో తెలియడం. మగపిల్లాడికి ఊరు ఇట్లా వస్తుంది. ఆడపిల్లకి ఊరు రాదు. ఇల్లొస్తుంది, బడొస్తుంది, మధ్యలో ఆటో కిటికీ వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో దాదాపు 45 శాతం ఇళ్ళల్లో సైకిల్ వుందని రాశారు. ఆ ఇంట్లో అది ఎవరిదో అడిగే గడి ఆ ఫారంలో లేదు.

ఎందుకు పోతుంది? అందరికీ తెలిసిన కారణం ఆమె పెద్దమనిషి కావడం. ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళకి పేరుపడ్డ వూరు. ఆడపిల్ల పెద్దదైతే చుట్టుపక్కల వూళ్ళనుంచి కూడా నగల కోసం అక్కడికే పోతారు. ఓపికున్నంతలో కమ్మలో గొలుసో పెడతారు. సైకిల్ పోయి నగ వస్తుంది. ఒకటి ఆమె ఎక్కి తిరిగేది, ఇంకొకటి ఆమె మీదెక్కి కూచునేది. ఇవాళ ఒక్క గ్రాము బంగారం ధరకి మామూలు 24 అంగుళాల సైకిల్ వస్తుంది. 24 క్యారెట్లంటే ఏమిటో పసిపిల్లలు కూడా చెప్పే వూళ్ళో 24 అంగుళాలంటే ఏమిటో తల్లులకి తెలియకుండా పోయింది. గ్రాము తగ్గించి సైకిల్ కొనమంటే మాత్రం "ఇప్పుడు సైకిల్ దేనికి?" అంటారు.

చెవుల్లో చెప్పుకునే కారణం ఇంకొకటుంది. సైకిల్ తొక్కితే ఆడపిల్లకి "అక్కడ" ఏదో అవుతుందని. దీని గురించి మనం గట్టిగా మాట్లాడాలి. కన్నెపొర అనేది సీలు కాదు. ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా వుంటుంది, ఆటల్లో పరుగుల్లో మామూలుగానే మార్పు చెందవచ్చు, అది చూసి ఎవరి చరిత్రా చెప్పలేం. కన్యత్వ పరీక్షకి శాస్త్రీయ ఆధారమే లేదనీ, దాన్ని నిషేధించాలనీ 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి మానవహక్కుల విభాగం, స్త్రీల విభాగం కలిసి చెప్పాయి. 1890ల్లో ఇంగ్లాండులో ఆడవాళ్ళు సైకిలెక్కగానే డాక్టర్లు కొందరు "సైకిల్ మొహం" అనే జబ్బునే కనిపెట్టారు. తొక్కితే మొహం వికారమైపోతుందట. దేశాలు వేరు, శతాబ్దాలు వేరు, స్త్రీ శరీరం మీద కాపలా మాత్రం ఒకటే.

నల్లబడుతుందనేది మూడో కారణం. కడప ఎండ కడప ఎండే, కాదనను. కానీ అదే ఎండలో అన్న క్రికెట్ ఆడుతున్నాడు. ఎండ సమస్య కాదు, తెల్లతోలు ధర సమస్య.

ఇక రోడ్డు. ఇది నిజమైన అభ్యంతరం, దీనికి నిజమైన జవాబు చెప్పాలి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దారుల్లో సిమెంటు లారీలు, నాపరాళ్ళ లారీలు ఎట్లా పోతాయో అందరూ చూసిందే. పిల్లని ఆ రోడ్డెక్కించమని నేననడం లేదు. కానీ ప్రమాదం వుందంటే ఇద్దరికీ వుంది. ఒకరికోసం రోడ్డుని తిట్టి, ఇంకొకరికోసం పిల్లనే ఇంట్లో పెట్టడం జాగ్రత్త కాదు. లారీ కంటే మగాళ్ళ చూపులకి భయపడుతున్నామని చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం. ఆ భయానికి మందు వీధిలో ఆడపిల్లలు తగ్గడమా, పెరగడమా? ఒక్క పిల్ల తొక్కితే వింత. పదిమంది తొక్కితే అది వీధి.

"ఇంకో నాలుగేళ్ళాగితే స్కూటీ కొనిస్తాం" అంటారు చదువుకున్న తల్లిదండ్రులు. చట్టం ప్రకారం లైసెన్సుకి 18 నిండాలి, 50 సి.సి. లోపు గేర్లు లేని బండికైతే 16. మైనర్ బండి నడిపితే తల్లిదండ్రులకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు అని 2019లో చట్టాన్ని సవరించారు. మరి పదేళ్ళ నుంచి పద్దెనిమిది దాకా ఆమె ఏమెక్కాలి? పదమూడేళ్ళ కొడుకు నాన్న మోటార్‌సైకిల్ తీసుకుపోతే చూసీచూడనట్టుండే ఇళ్ళల్లోనే కూతురి విషయంలో చట్టం గుర్తుకొస్తుంది.

ఇంతసేపూ మొదటి సైకిల్ కొనగల ఇళ్ళ గురించే మాట్లాడాను. అది కూడా లేని ఆడపిల్లలున్నారు. వూరవతలి వాడ నుంచి బడికి నడిచే దళిత బాలికకి సైకిల్ అంటే ప్రయాణం మాత్రమే కాదు. పెద్దకులాల వీధుల్లో దళితులు సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాల్సిన రోజులు మన పల్లెలకి కొత్త కాదు. సైకిల్ మీద కూచోవడమంటే ఎత్తులో కూచోవడం. ఆ ఎత్తుని కులమూ ఓర్చుకోలేదు, మగవాడూ ఓర్చుకోలేడు. ఆమెకి ఆ రెండూ కలిసే ఎదురవుతాయి. అందుకే కొనుక్కోగల మనం మాత్రమే కొనుక్కుంటే సరిపోదు. సైకిల్ ఆరో తరగతిలోనే ఇవ్వమని అడగాలి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి బడి మానేసినవాళ్ళు మానేసే వుంటారు, మిగిలినవాళ్ళకి ఇస్తే అది బహుమతి అవుతుంది గానీ దారి కాదు. ఇచ్చే సైకిల్ అన్ని ఎత్తులవాళ్ళకీ ఒకటే సైజు కాకుండా కొలత చూసి ఇవ్వమనాలి. బడిలో పాత చిన్న సైకిళ్ళు జమచేసి కింది తరగతులకి అందించే ఏర్పాటు పెట్టమనాలి. తమ్ముడికి పోయే సైకిల్ చెల్లెలికి పోవాలి.

ఇంట్లో మనం చెయ్యవలసింది ఇంకా చిన్నది. ఈసారి అంగడికి వెళ్ళినప్పుడు పిల్ల కాలు కొలుచుకుని వెళ్ళండి. రంగు ఆమెనే ఎంచుకోనివ్వండి, గులాబీ కావాలంటే గులాబీయే కొనండి, దెబ్బలాట రంగుతో కాదు. బుట్ట వద్దంటే విప్పించెయ్యండి. పక్కచక్రాలు పెట్టించకండి. అంగడాయన "రెండేండ్లు తొక్కుతాది" అన్నప్పుడు తల వూపకండి. "రెండేళ్ళకి మళ్ళీ వస్తాం, దీని పై సైజుకి" అని చెప్పండి. ఆ మాట ఆయన కోసం కాదు, పక్కన నిలబడి వింటున్న పిల్ల కోసం. చెప్పినట్టు రెండేళ్ళకి వెళ్ళండి. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళండి, ఆమెకి పదకొండో ఏడు వచ్చినప్పుడు, ఇంట్లో అందరూ వద్దంటున్నప్పుడు.